ఆకలి అనే అతిథికి ఏమి వడ్డించాలి?

దివిసీమకు కాస్త ఎగువన, కృష్ణాతీరంలో, ఘంటసాల మండలంలో శ్రీకాకుళం అనే గ్రామం ఉంది. ఉత్తరాంధ్రలోని జిల్లా కేంద్రంతో దీనికి సంబంధం లేదు. ఇది ఆంధ్ర మహావిష్ణువు కొలువైన శ్రీకాకుళం. 16వ శతాబ్ది తొలినాళ్లలో కళింగ దండయాత్ర సందర్భంగా శ్రీకృష్ణదేవరాయలు ఈ క్షేత్రాన్ని దర్శించి, హరివాసరమైన ఏకాదశి నాడు ఉపవసించాడు. ఆ రాత్రి స్వామి స్వప్నంలో సాక్షాత్కరించి, గోదాదేవి కల్యాణగాథను తెలుగున రచించమని ఆనతిచ్చినట్లు రాయలే తన ‘ఆముక్తమాల్యద’ అవతారికలో చెప్పుకున్నాడు.

ఈ ఉదంతం మీలో చాలామందికి తెలిసినదే. దాని పక్కనే ఉన్న మరొక విశేషాన్ని మాత్రం మనం అంతగా పట్టించుకోము. ఉపవాసపు రాత్రి సంకల్పం పొందిన ఆ కావ్యంలో భోజన వర్ణనకు పెద్దపీట దక్కింది. శ్రీవిల్లిపుత్తూరులో విష్ణుచిత్తుడు ఇంటికి వచ్చిన భాగవతులకు ఋతువును బట్టి వడ్డించేవాడు. వానకాలమైతే వేడి అన్నం, పప్పు, వేపుడు కూరలు, వడియాలు. వేసవి అయితే పలుచని చారు, మజ్జిగ, చెరకురసం, కొబ్బరినీరు. చలికాలమైతే మిరియపు ఘాటు, ఆవపచ్చళ్లు. వచ్చినవాడి ఆకలి ఎటువంటిదో, కాలం ఏమిటో చూసిన తరువాతే ఆయన గరిటె కదిలేది.

మీ దేహంలోనూ ఒక అతిథి ఉన్నాడు. తానే వైశ్వానరుడై ప్రాణుల శరీరాలలో నివసిస్తూ నాలుగు విధాలైన అన్నాన్ని పచనం చేస్తున్నానని గీత పదిహేనవ అధ్యాయంలో భగవానుడు సెలవిచ్చాడు. ఆ మాటను విశ్వసించేవారికి ఆకలి శత్రువు ఎలా అవుతుంది? అయినా బరువు తగ్గాలని పూనుకున్న ప్రతి ఇంటిలోనూ మొదట జరిగేది ఆకలిపై యుద్ధమే. ఉదయం కాఫీతో సరి. మధ్యాహ్నం రెండు ముద్దలు. రాత్రికి ఏమీ వద్దు. నాలుగో రోజుకు ఆ యుద్ధంలో ఎవరు గెలుస్తారో మీకూ తెలుసు, మీ వంటింటి డబ్బాలకూ తెలుసు.

కార్తికంలో బరువు ఎందుకు తగ్గదు?

బందరు చిలకలపూడిలో 1929లో ప్రతిష్ఠితుడైన పాండురంగస్వామి సన్నిధి కార్తికమాసంలో భక్తులతో కిటకిటలాడుతుంది. పున్నమి నాడు మంగినపూడి తీరంలో సముద్రస్నానం, ఆపై స్వామి దర్శనం. ఆ నెలంతా సోమవారాలు, ఏకాదశులు, పున్నమి కలిపి లెక్కిస్తే ఉపవాసాలకు కొదవ లేదు. న్యాయంగా అయితే మాసాంతానికి నడుము కొలత తగ్గాలి. చాలా ఇళ్లలో అది పెరుగుతుంది!

కారణం వింతైనదేమీ కాదు. పగలంతా నీరు కూడా సరిగా తాగక, నక్షత్ర దర్శనమయ్యాక విస్తరి ముందు కూర్చున్నప్పుడు చేతి వేగం మన అదుపులో ఉండదు. ఖాళీ కడుపు నుంచి వెలువడే గ్రెలిన్ అనే హార్మోను మెదడుకు ఆకలి కబురు పంపుతుంది. కడుపు నిండిన సంగతి మెదడుకు పూర్తిగా అందడానికి ఇంచుమించు ఇరవై నిమిషాలు పడుతుంది. ఆ వ్యవధిలో పులిహోర, గారెలు, పాయసం వరుసగా దిగిపోతాయి. పగలు మిగిల్చినది రాత్రి వడ్డీతో చెల్లిస్తాము.

‘పలహారం’ సంగతి మరీ విచిత్రం. ఫలాహారమనే మాట అరిగి పలహారమైంది. పండ్లు కాస్తా జారిపోయి పూరీ, ఉప్మా మిగిలాయి. శనివారం రాత్రి అన్నం మానినవారు నాలుగు పూరీలు, బంగాళాదుంప కూర ఆరగించి, వ్రతమూ బరువూ రెండూ సాగుతున్నాయనుకుంటారు. వ్రతం సంగతి స్వామికి వదిలేద్దాం. బరువు విషయంలో మాత్రం నూనెలో పొంగిన ఆ మైదా, గోధుమ పిండి కన్నా పావు విస్తరి అన్నం, గిన్నెడు పప్పు ఎంతో మేలు. ఒక చెంచాడు, అంటే 5 గ్రాముల నూనెలో సుమారు 45 కిలోక్యాలరీలు ఉంటాయి. పావు కిలో ఆనపకాయ ముక్కలలో అంతకన్నా తక్కువ.

అతిగా తినేవాడికీ, అసలు తిననివాడికీ కూడా యోగం సిద్ధించదని గీత ఆరవ అధ్యాయం చెబుతుంది. రెండవ హెచ్చరికను మనం సులువుగా మరచిపోతాము.

తూకానికి వచ్చిన ఆకలి

ఏ ఆహారం ఎంతసేపు ఆకలిని నిలువరిస్తుందో కొలవవచ్చునా? 1995లో ఆస్ట్రేలియాలోని సిడ్నీ విశ్వవిద్యాలయంలో సుసానా హోల్ట్ బృందం ఆ పని చేసింది. 38 రకాల ఆహారాలను, ఒక్కొక్కటి సుమారు 240 కిలోక్యాలరీల పరిమాణంలో పెట్టి, రెండు గంటల పాటు ఆకలి ఎలా ఉందో అడిగి నమోదు చేసింది. తెల్ల రొట్టెకు 100 మార్కులుగా పెట్టుకుంటే, వెన్నతో చేసే క్రోసాంట్ అనే బేకరీ తినుబండారానికి 47 మాత్రమే దక్కాయి. నారింజకు 202, చేపకు 225. అన్నింటికన్నా పైన నిలిచినది ఏమిటో ఊహించండి: ఉడికించిన బంగాళాదుంప, 323!

బరువు తగ్గాలనగానే మొట్టమొదట బహిష్కరణకు గురయ్యేది ఆ దుంపే. వేపుడు బాణలిలో అది నూనె పీల్చడం వల్ల వచ్చిన అపకీర్తిని ఉడికిన దుంపకూ అంటగట్టాము. ఇక మన తెల్ల అన్నానికి ఆ పట్టికలో 138 వచ్చాయి. అంటే తెల్ల రొట్టె కన్నా నయమే. అన్నాన్ని నిందించరాదని తైత్తిరీయోపనిషత్తు ఒక వ్రతంగా విధించింది. డెల్టాలో పుట్టి అన్నాన్ని పాపిష్ఠిదంటే ఆ వ్రతం భంగమవుతుంది. చిక్కంతా అన్నంలో లేదు. అన్నానికి తోడుగా ఉండవలసినవి విస్తరి అంచుకు జరిగిపోవడంలో ఉంది.

మరొక పరిశోధన మన చారు గిన్నెకు నేరుగా సంబంధించినది. 1999లో అమెరికాలో బార్బరా రోల్స్ బృందం ఒకే వంటకాన్ని మూడు రీతులుగా పెట్టి చూసింది. వంటకం ఒక్కటే, వంటకంతో పాటు గ్లాసుడు మంచినీళ్లు, అదే నీటిని వంటకంలో కలిపి కాచిన సూప్. సూప్ తాగినవారు ఆపై భోజనం తక్కువగా తిన్నారు. పక్కన నీళ్లు తాగినవారిలో ఆ ఫలితం కనబడలేదు. 2007లో జరిగిన మరొక అధ్యయనంలో భోజనానికి ముందు కూరగాయల సూప్ తాగినవారు ఆ పూట మొత్తం మీద దాదాపు 20 శాతం తక్కువ క్యాలరీలు తీసుకున్నారు.

నీటిని వంటలో కలిపి కాచడం! మన పెద్దలు ఇంకేమి చేశారు? పప్పుచారు, మజ్జిగ పులుసు, ముక్కల పులుసు, ఉలవచారు, టమాటా చారు, ఇవన్నీ ఆ నేర్పే. ఆనపకాయ, ములక్కాడ, బచ్చలి తీగ, గుమ్మడి ముక్కలు వేసి కాచిన గిన్నెడు పులుసు కడుపు గోడలను నింపుతుంది, బరువును పెంచదు. మనం చేసే తప్పల్లా ఆ పులుసును కేవలం అన్నం తడపడానికి వాడటం. ఒక గిన్నెడు ముందుగా విడిగా తాగి చూడండి. హోటళ్లలో వెన్న తేలేలా మీగడ పోసి ఇచ్చే ఉలవచారు వేరు. ఇంట్లో ఉలవలు ఉడికించిన కట్టుతో పలుచగా కాచుకునేది వేరు. మీకు కావలసినది రెండవది.

మాగాణిలో మినుములు, గుడిలో వడపప్పు

గుడివాడ నుంచి పామర్రు, మొవ్వ, చల్లపల్లి మీదుగా అవనిగడ్డ దాకా పుష్యమాసం ప్రాంతంలో ప్రయాణించండి. వరి కోసిన మళ్లలో పచ్చని తివాచీ పరచినట్లు మినుము, పెసర కనిపిస్తాయి. ఆ పైర్ల కోసం ప్రత్యేకంగా దుక్కి దున్నరు. వరి కోతకు రెండు మూడు రోజుల ముందు, నిలిచి ఉన్న చేలోనే విత్తనం వెదజల్లుతారు. కోసేవారి కాళ్ల కింద ఆ గింజ నేలలోకి దిగి, మిగిలిన పదునుతో, రాత్రి మంచుతో ఎదుగుతుంది. 1855లో కృష్ణా ఆనకట్ట పూర్తయి కాలువల కింద వరి విస్తరించిన డెల్టాకు ఈ పప్పుధాన్యాలు రెండో వరుస సంపద. ఒకే మడిలో ముందు అన్నం, వెనుక పప్పు. నేల తన వాటాను సరిగానే పంచింది. మన విస్తరి ఆ పంపకాన్ని తప్పింది.

లెక్క చూడండి. నూరు గ్రాముల ముడి బియ్యంలో మాంసకృత్తులు 8 గ్రాముల లోపే. పీచు సుమారు 3 గ్రాములు. అంతే తూకం మినుములు, పెసలు, ఉలవలలో మాంసకృత్తులు 22 గ్రాముల అటూఇటూగా ఉంటాయి. పొట్టుతో ఉన్న పెసలు, మినుములలో పీచు 15 గ్రాములకు పైమాటే. ఈ రెండూ జీర్ణాశయంలో ఆలస్యంగా కదులుతాయి, నెత్తురులోకి చక్కెరను నిదానంగా వదులుతాయి. కడుపు నిండిందని మెదడుకు చెప్పే జీఎల్‌పీ-1 అనే హార్మోను పేగులలో ఊరడానికి తోడ్పడతాయి. ఇటీవలి సంవత్సరాలలో బరువు తగ్గించే సూదిమందులుగా ప్రసిద్ధికెక్కినవి ఈ హార్మోనునే అనుకరిస్తాయి. వాటి బలం వేరు, వాటి అవసరాన్ని తేల్చవలసినవారు వైద్యులు. పెసల గిన్నెకు మాత్రం చీటీ అక్కరలేదు.

మాంసకృత్తుల మాటను శాకాహార గృహాలు మరింత శ్రద్ధగా వినాలి. తిండి తగ్గించినప్పుడు అవి చాలకపోతే కొవ్వుతో పాటు కండ కూడా కరుగుతుంది. తరువాత బరువు తిరిగి వచ్చినప్పుడు ఎక్కువగా చేరేది కొవ్వే. కొన్ని నెలలు పస్తులుండి మునుపటి కన్నా నీరసంగా, మునుపటి బరువుతోనే మిగిలిపోయేవారి కథ ఇదే. ప్రదక్షిణలకు సహకరించని మోకాళ్లకు కావలసినది తక్కువ బరువు ఒక్కటే కాదు, దాన్ని మోసే కండ కూడా.

మన దేవతార్చన ఈ సంగతిని ఏనాడో గుర్తించినట్లు తోస్తుంది. శ్రీరామనవమికి పానకంతో పాటు పెట్టేది వడపప్పు, అంటే నానిన పెసరపప్పు. శ్రావణమాసపు వాయనంలో నానిన శనగలు. నవరాత్రులలో గుగ్గిళ్లు. ధనుర్మాసంలో పెసరపప్పు, మిరియాలు కలిసిన కట్టెపొంగలి. ఇవన్నీ కడుపులో నిలిచే నైవేద్యాలు. వాయనంలో వచ్చిన శనగలు మర్నాటికి ఏమవుతున్నాయో ఒకసారి ఆలోచించండి. పారబోయకుండా ఉడికించి, ఆవాలు కరివేపాకు పోపు పెట్టి, కొబ్బరి తురుము కాసింత చల్లితే సాయంత్రపు ఆకలికి అంతకు మించిన సమాధానం లేదు. నాలుగు గంటలకు బిస్కెట్ల పొట్లం వైపు సాగే చేయి ఆ గిన్నె వద్ద ఆగుతుంది.

పెసరట్టు గురించి ఒక మాట. పొట్టు పెసలు నానబెట్టి రుబ్బి, పెనం మీద చెంచా నూనెతో కాల్చిన అట్టు, అల్లం పచ్చడి, పక్కన గ్లాసుడు మజ్జిగ: ఇది మధ్యాహ్నం దాకా ఆకలిని దరి చేరనీయదు. దాని కడుపులో ఉప్మా దాచడం వేడుకకు సంబంధించిన విషయం. ఎప్పుడో ఒకనాటికి ఉంచుకోండి. అలాగే పొట్టు మినప్పప్పుతో వేసిన మందపాటి రొట్టె. సున్నుండ కూడా మినుమే కదా అని మీలో ఎవరైనా అడగవచ్చు. మినుమే. కానీ అందులో నెయ్యి, బెల్లం కూడా సమవుజ్జీలుగా కూర్చున్నాయి. ఎదిగే పిల్లలకు అది ప్రసాదం, తగ్గదలచినవారికి పరీక్ష.

మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరుని సన్నిధిలో నాగులచవితికి పెట్టే చలిమిడి, చిమ్మిలి సంగతీ అంతే. బందరు లడ్డు సంగతి చెప్పనే అక్కరలేదు. వీటిని మానండని చెప్పే సాహసం ఈ వ్యాసానికి లేదు. ప్రసాదానికి కొలత అరచేయి. చేయి చాచి, కళ్లకద్దుకుని, నోట వేసుకునేది ప్రసాదం. డబ్బాకు ఎత్తి అలమరలో దాచి, రాత్రి పది గంటలకు మూత తీసేది మిఠాయి.

విస్తరిలో ఎవరి స్థానం ఎంత?

కడుపులో రెండు భాగాలు అన్నంతోను, ఒక భాగం ద్రవంతోను నింపి, నాలుగో భాగాన్ని వాయువు సంచారానికి విడిచిపెట్టాలని వాగ్భటుడు అష్టాంగహృదయంలో చెప్పాడు. ఆ నాలుగో భాగమే మన ఇళ్లలో ‘ఇంకొక్క గరిటె’ అనే ఆప్యాయతకు బలి అవుతోంది. వాగ్భటుని కాలంలో అన్నమంటే వండిన ఆహారమంతా అని గ్రహించాలి. వరి మెతుకులు మాత్రమే కాదు.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన మార్గదర్శకాలు ఇదే విషయాన్ని తూకాలతో చెప్పాయి. రోజుకు 2,000 కిలోక్యాలరీల ఆహారంలో కూరగాయలు 400 గ్రాములు, వాటిలో ఆకుకూరలు 100, పండ్లు 100, ధాన్యాలు 250, పప్పులు 85 గ్రాములు, పాలు, పెరుగు కలిపి 300 మిల్లీలీటర్లు. బరువు తగ్గదలచినవారు ఇందులో తగ్గించుకోవలసినది ధాన్యం, నూనె, చక్కెరల వాటాను. కూరగాయలనూ పప్పులనూ కాదు. మన ఇళ్లలో తిరగబడి జరుగుతోంది: కూర రెండు చెంచాలు, దానితో అన్నం మూడు వాయిలు.

వడ్డన క్రమాన్ని మార్చకుండానే ఒక చిన్న సర్దుబాటు చేయవచ్చు. అన్నం కలపడానికి ముందే గిన్నెడు కూర, గిన్నెడు పప్పు విడిగా తినండి. 2015లో న్యూయార్కులోని వైల్ కార్నెల్ వైద్యులు పదకొండు మంది మధుమేహ రోగులతో చేసిన చిన్న అధ్యయనంలో, కూరగాయలు, మాంసకృత్తులు ముందు తిని పిండిపదార్థాన్ని చివర తిన్నప్పుడు భోజనానంతరపు చక్కెర గణనీయంగా తక్కువగా ఉంది. తినేది అదే, వరుస మారింది. అత్తగారింటి పంక్తిలో ఇది కొంచెం వింతగా కనబడుతుంది, నిజమే. నాలుగు రోజులకు అలవాటవుతుంది.

బియ్యం రకం కూడా కొంత లెక్కలోకి వస్తుంది. అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ 2011లో 235 రకాల బియ్యం గ్లైసీమిక్ సూచికను పరిశీలించగా అది 48 నుంచి 92 దాకా ఉన్నట్లు తేలింది. తక్కువ సూచిక గలవాటిలో ‘స్వర్ణ’ ఒకటి. అది మన మార్టేరు పరిశోధన కేంద్రం అందించిన ఎంటీయూ 7029. సన్నబియ్యం మోజులో డెల్టా గృహాలు చిన్నచూపు చూసిన రకం! అయితే మంచి రకం దొరికిందని మరో వాయి వడ్డించుకుంటే ప్రయోజనం శూన్యం.

ముందుగా ఎవరు ఆగాలి?

ఈ మాట స్పష్టంగా చెప్పవలసి ఉంది. ఇన్సులిన్ గాని, చక్కెరను బలంగా తగ్గించే మాత్రలు గాని వాడేవారు వైద్యుని అడగకుండా రోజంతా ఉపవాసం చేయరాదు. మందు వేసుకుని ఆహారం మానితే చెమటలు, వణుకు, తడబాటు కలిగి స్పృహ తప్పే ప్రమాదం ఉంది. దర్శనం వరుసలో నిలుచున్నప్పుడు ఇది జరిగితే భక్తి పారవశ్యమని పక్కవారు పొరబడవచ్చు. అటువంటి లక్షణం తోచగానే పంచదార నీళ్లో, పటికబెల్లం పలుకో నోట వేసుకోవాలి. ఆ క్షణాన అది వ్రతభంగం కాదు. మూత్రపిండాల వ్యాధి ఉన్నవారు పప్పుల మోతాదును వైద్యుని నిర్ణయానికే వదలాలి. గర్భిణులు, బాలింతలు బరువు తగ్గే ప్రయత్నాలన్నింటినీ వాయిదా వేయాలి.

ఆరోగ్యవంతులకు ఏకాదశి నాడు నీటిని మానవలసిన అవసరం చాలా సంప్రదాయాలలో లేదు. నిర్జల వ్రతం నియమంగా గలవారి సంగతి వేరు. ధాన్యాలు, పప్పులు రెండింటినీ విడిచేవారు పలుచని మజ్జిగ, జామపండు, ఉడికించిన చిలగడదుంప, గుప్పెడు వేరుశనగ పలుకులు, రాత్రికి గ్లాసుడు పాలు తీసుకుంటే మర్నాడు పారణ వేళకు ఆకలి మర్యాదగా కూర్చుని ఉంటుంది. అట్లతద్దికి తెల్లవారుజామునే ఆడపిల్లల చేత గోంగూర పచ్చడి, పెరుగుతో చద్దన్నం తినిపించి, ఆపైనే పగటి ఉపవాసానికి పంపే పద్ధతిలో ఉన్న లోకజ్ఞత చిన్నది కాదు.

ద్వాదశి పారణ

అంబరీష మహారాజు కథ భాగవతం తొమ్మిదవ స్కంధంలోనిది. ద్వాదశి ఘడియలు దాటిపోతున్నాయి. అతిథిగా వచ్చిన దుర్వాసుడు స్నానానికి వెళ్లి తిరిగి రాలేదు. అతిథి కన్నా ముందు భుజించరాదు, పారణ తప్పరాదు. పెద్దలను అడిగి ఆ రాజు కాసిన్ని జలాలు మాత్రం స్వీకరించాడు. వ్రతం నిలిచింది. ఆ తరువాతి సుదర్శన వృత్తాంతం మనందరికీ కంఠోపాఠమే గాని, పారణ గుక్కెడు నీటితో మొదలైందన్న సంగతి మన ద్వాదశి విస్తరి ముందు గుర్తుకు రాదు.

మీ ఇంట వచ్చే ద్వాదశికి ఇలా చేసి చూడండి. ముందు తులసితీర్థం. ఒక ఉసిరికాయ ముక్క. వైష్ణవ, మాధ్వ గృహాలలో పారణకు అవిసాకు వండే ఆచారం ఉంది. పెసరపప్పుతో కలిపి, కొబ్బరి చల్లి, గిన్నెడు వడ్డించండి. అవిసాకు దొరకనివారికి దివిసీమ లంకల నుంచి వచ్చే తోటకూర, పొన్నగంటికూర ఉండనే ఉన్నాయి. అది నెమ్మదిగా నమిలి ముగించాక ఆనపకాయ మజ్జిగ పులుసు ఒక గిన్నెడు. అప్పుడు అన్నం, విస్తరిలో పావు భాగం, మీద చెంచాడు నెయ్యి. పెద్దావిడ ఎవరైనా గరిటె పట్టుకుని ‘నిన్నంతా ఏమీ తినలేదు, ఇంకొంచెం పెట్టనా అమ్మా?’ అంటే విస్తరి మీద చేయి అడ్డుపెట్టి ఆమె మనసు నొప్పించకండి. ‘పులుసు పోయండి అత్తయ్యగారూ’ అనండి.